రెండుసార్లు చూసిన బొమ్మ

అప్పలస్వామి కూతురు పైడితల్లి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు నేను కూర్చోమని అనలేదు. వాళ్ల నాన్న పోయి అప్పటికి రెండు నెలలు. పలకరించడానికి నేను వెళ్లలేదు. దినానికి రమ్మని కబురు పెడితే వెళ్లలేదు. పోయాడన్న సంగతి తెలిసిన పూట మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నానని ఇక్కడ రాయడానికి నాకేమీ మొహమాటం లేదు. మనిషితో పాటు పగ కూడా కాలిపోతుందని పెద్దవాళ్లు చెబుతారు. నా విషయంలో అలా జరగలేదు. ఎదురుగా నిలబెట్టి అడగడానికి మనిషి లేకుండా తప్పించుకున్నాడన్న కోపం ఒకటి అదనంగా వచ్చి చేరింది.

పైడితల్లికి ముప్పై దాటాయి. మెడలో సెల్‌ఫోను వేలాడుతోంది. రైల్వే గేటు దగ్గర కట్టిన కొత్త సినిమా హాలు ఆమే నడుపుతోంది. చేతిలో తువ్వాలులో చుట్టిన వస్తువుంది. దాన్ని అరుగు మీద పెట్టి విప్పింది. "మాయయ్య పోయేముందు సెప్పాడండి. బాబుగారిది బాబుగారికి ఇచ్చీ అన్నాడు" అంది.

మైకు. మా నాన్నగారి మైకు. గుండ్రటి స్టీలు తల మీద చిన్న సొట్ట అలాగే ఉంది, ఒక వడగళ్ల వానలో ఆయన చేతిలోంచి జారినప్పుడు పడ్డది. మెడ దగ్గర జేబురుమాలు ముడి కూడా అలాగే ఉంది, బట్ట పసుపురంగుకి తిరిగిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. పైడితల్లి అసలు సంగతికి వచ్చింది. "లక్ష్మివారం కొత్త బొమ్మ ఏత్తన్నామండి. దెయ్యం బొమ్మ. ఇశాపట్నంలో తెగ ఆడేత్తంది. మీరు సూసి, శుక్కురారం సంతలో ఒక్క మాట సెప్తే బాగుంటాదండి."

"బాగోకపోతే?"

"బాగోనేదని సెప్పండి బాబుగారూ. మీకేది తోస్తే అదే సెప్పండి. ఏది సెప్పినా మాకు మంచిదే" అని నవ్వింది. ఆ నవ్వు అచ్చం వాళ్ల నాన్నదే. ఆ మాటలో ఏముందో నాకు వెంటనే తట్టలేదు. వస్తాననీ రాననీ చెప్పకుండా పంపించేశాను. ఆమె వెళ్లాక చాలాసేపు ఆ మైకు ముందు కూర్చున్నాను. మా ఇంటి ముందు భాగం ఇప్పుడు కాఫీ గింజల గోడౌను. ఎండుతున్న గింజల పుల్లటి వాసన ఇల్లంతా పట్టి ఉంటుంది. ఆ పూట మాత్రం నా ముక్కుకి వేరే వాసనలు తగిలాయి.

మా తాతగారు మైదానం నుంచి చింతపండు, అడ్డాకుల వ్యాపారం మీద ఈ అరకు లోయలోకి వచ్చి, ఇక్కడి సంత ఊళ్లో రేకుల కప్పుతో సినిమా హాలు కట్టించారు. దానికి మా నాయనమ్మ పేరు పెట్టారు. నా చిన్నతనమంతా ఆ హాలు చుట్టూ తిరిగింది. ప్రొజెక్టరులో కాలే కార్బను వాసన, నేల టికెట్టు వాళ్ల తడిసిన గొంగళ్ల వాసన, ఇంటర్వెల్లో ఉడకబెట్టిన పెండలం వాసన కలిపితే నాకు సినిమా. కిరండూల్ పాసింజరులో రీళ్ల బాక్సు వచ్చేది. ఆ రైలు టైడా దాటి కొండెక్కుతోందంటే మా ఇంట్లో అమ్మ కాఫీకి నీళ్లు పెట్టేది. బాక్సు మోసుకొచ్చే వాళ్లు మా వీధి గుమ్మంలో ఆగి కాఫీ తాగిగానీ హాలుకి వెళ్లకూడదు. అది మా ఇంటి పద్ధతి. రేకుల మీద వాన పడితే సినిమాలో ఒక్క మాట వినిపించేది కాదు. ఫైటింగుల్లో హీరో గుద్దుతుంటే చప్పుడు మింగేసేది వాన. అప్పుడు నేల టికెట్టు వాళ్లే నోళ్లతో డిష్యుం డిష్యుం అని అందించేవాళ్లు. మా నాన్నగారు మాత్రం వాన తగ్గాక ఆ రీలు మళ్లీ మొదట్నుంచి వేయించేవారు. ఆలస్యమైనా సరే, ఆపరేటరు గొణిగినా సరే. కొన్నవాడికి బొమ్మ ఎంత హక్కో చప్పుడూ అంతే హక్కు అనేవారు.

ఇక శుక్రవారం సంత రోజు. మిగతా రోజుల్లో ఆయన లుంగీలో అరుగు మీద కూర్చునే మనిషే. శుక్రవారం తెల్లారగానే బొగ్గుల ఇస్త్రీ పెట్టె రాజుకునేది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తలకి కొబ్బరి నూనె, చోడి అంబలి మాత్రం తాగి బయల్దేరడం. మైకు మెడకి ఉతికిన జేబురుమాలు కట్టడం అమ్మ పని. ముందు రోజు లక్ష్మివారం కొత్త బొమ్మ పడేది. ఆయన మొదటి ఆట పూర్తిగా చూసేవారు. శుక్రవారం సంతలో అల్లం బస్తాల పక్కన కుర్చీ వేయించుకుని, ఆ బొమ్మ ఎలా ఉందో మైకులో తనే చెప్పేవారు. మిగతా ఊళ్ల హాళ్లు జీపుకి మైకు కట్టి, రక్తం గడ్డకట్టించే భయానక చిత్రమని అరిపించేవి. మా నాన్నగారు అరిచేవారు కాదు. "ఈ బొమ్మలో ఫైటింగులు ఐదున్నాయి. మూడు బాగున్నాయి. రెండు వొట్టి గెంతులాట. పాటలప్పుడు బీడీకి వెళ్లొచ్చు. చివర తల్లి చచ్చిపోతుంది, ఏడుపొచ్చే వాళ్లు తువ్వాలు తెచ్చుకోండి" అనేవారు. ఆఖర్న తీర్పు. ఆయన తీర్పులు మూడే. బాగా ఉంటే "నడిచి రావొచ్చు." ఓ మాదిరిగా ఉంటే "సంతకొస్తే చూడొచ్చు." బాగాలేకపోతే "కుదర్లేదు." సొంత హాల్లో ఆడుతున్న బొమ్మని కుదర్లేదని సొంత నోటితో చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎందుకలా అని నేనొకసారి అడిగితే ఆయన అన్నది ఒకటే మాట. "మూడు కొండలు దిగి నడిచొస్తాడురా. నడిచొచ్చిన వాడికి అబద్ధం చెప్పకూడదు."

అప్పలస్వామి మా హాల్లో మేనేజరు. మా అమ్మ చేతి అన్నం తిన్నవాడు. మా నాన్నగారికి మలేరియా మెదడుకెక్కి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మూడు నెలలున్నప్పుడు, బాక్సు ఆగకూడదని, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి అతనికిచ్చారు. కాళ్లు పట్టుతప్పి ఆయన తిరిగొచ్చేసరికి హాలు స్థలం లీజు, లైసెన్సు అప్పలస్వామి పేరు మీదికి మారిపోయాయి. నాయనమ్మ పేరు మీద సున్నం కొట్టి వాళ్ల ఇలవేల్పు పేరు రాయించాడు. కోర్టుకి వెళ్దామని నేనూ అమ్మా ఎంత చెప్పినా నాన్నగారు కదల్లేదు. "సంతకం నాదే. నాది కాదని ఏ నోటితో చెప్పను?" అన్నారు. ఆ తర్వాత ఆయన అరుగు దిగలేదు. శుక్రవారాలు ఇస్త్రీ పెట్టె రాజుకోలేదు. సంతలోంచి మా మైకే, మా యాంప్లిఫయరే, అప్పలస్వామి గొంతుతో ప్రతి బొమ్మా రక్తం గడ్డకట్టించేస్తుందని అరుస్తుంటే, ఆయన కళ్లు మూసుకుని వినేవారు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. విజయనగరంలో చదువు ఆపి వచ్చేశాను. హాలు ఎలాగూ తిరిగి రాదు. ఆ హాలు ఖాళీగా ఉండటం నాకు చూడాలని ఉండేది. దానికి నా దగ్గరున్న ఆయుధం ఒక్కటే, సినిమా చూసి చెప్పడం. లక్ష్మివారం టికెట్టు కొనుక్కుని అప్పలస్వామి ఎదురుగానే లోపలికి వెళ్లేవాణ్ణి. మా సొంత హాల్లో, మా తాతగారు చేయించిన టేకు కుర్చీలో, వీపు ఆనించకుండా కూర్చునేవాణ్ణి. శుక్రవారం పొద్దున్నే సంతలో, నాన్నగారు కూర్చున్న చోటే, అల్లం బస్తాల పక్కన నిలబడేవాణ్ణి. మైకు లేదు. అక్కర్లేకపోయింది. జనమే వచ్చి అడిగేవాళ్లు. అందరికంటే ముందు సుక్రా వచ్చేవాడు. మూడు కొండల అవతల ఊళ్లో మిరియాలు పండించేవాడు, శుక్రవారం పుట్టాడని ఆ పేరు, శుక్రవారం బొమ్మ చూడకపోతే వారం గడవని మనిషి. "ఏటి బాబు, నడిసి రావొచ్చా, కుదర్నేదా?" అని అడిగేవాడు. నేను చెప్పిన మాట పట్టుకుని ఆ కొండ వాళ్లంతా హాలుకో ఇంటికో తిరిగేవాళ్లు.

నేను నిజమే చెప్పేవాణ్ణి. నిజం చెప్పడమే సరిపోయేది, ఆ రోజుల్లో బొమ్మలు అలా ఉండేవి. దెబ్బలాట బొమ్మల మీద నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దెబ్బ తిన్నవాడికి నొప్పి పుట్టాలి. మొదటి ఫైటింగులో విరిగిన చెయ్యి పాటలో వంకీలు తిరిగితే ఆ బొమ్మ నా లెక్కలో పోయినట్టే. విలన్ అన్నవాడు హీరో కుటుంబాన్ని మొత్తం చంపి, హీరోని మాత్రం కొండమీంచి తోసి చచ్చాడో లేదో చూసుకోకుండా వెళ్లిపోతే, అలాంటి అజాగ్రత్త మనిషి మీద రెండున్నర గంటలు పగబట్టడం దండగ. దెయ్యం బొమ్మలైతే మరీ ఘోరం. తెల్ల చీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు. ఉలిక్కిపడేలా చేయడం భయపెట్టడం అనుకుంటారు వాళ్లు. తలుపు ఎవరు గట్టిగా వేసినా ఉలిక్కిపడతాం, దానికి టికెట్టు ఎందుకు? ఇలాంటి బొమ్మ ఒకటి చూసి సుక్రా నన్నడిగిన మాట లోయంతా తిరిగింది. "ఈ గుంట సచ్చినాక కూడా సీర ఉతుక్కుంటందేటి బాబు, అంత తెల్లగుంది?" వాళ్ల కొండ మీద చచ్చిపోయిన వాళ్లు అలా రారని చెప్పాడు. మామూలు బట్టల్లో, అన్నం వేళకి వస్తారట. గుమ్మం దగ్గర కూర్చుంటారట. "ఆలు అరవరు బాబు. అరిస్తే మనకేటి బయం? ఊరకే కూకుంటారు సూడు, అదీ బయం." దెయ్యాల సినిమాల మీద ఇంతకంటే మంచి మాట నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఆ ఏడాది అప్పలస్వామి హాలు శుక్రవారం మ్యాట్నీకి కూడా సగం నిండేది కాదు. ఒక రోజు సంతలో నా దగ్గరకొచ్చి, చేతులు కట్టుకుని, "బాబూ, ఒక్క బొమ్మన్నా బాగుందని సెప్పవా?" అని అడిగాడు. "బాగున్న బొమ్మ తెచ్చిన రోజున చెబుతాను. మా నాన్న కొడుకుని" అన్నాను. వీపు నిటారుగా పెట్టుకుని అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఎందుకంటే బాగున్న బొమ్మ వచ్చింది. పేరు రాయను. రాస్తే ఈ వయసులో మళ్లీ వాళ్లకి ప్రచారం చేసినట్టవుతుంది. పెద్ద హీరో లేడు, ఒక్క ఫైటింగూ లేదు. దెయ్యం బొమ్మే. ఒక మామగారు కోడల్ని నూతిలో తోసి చంపుతాడు. మర్నాటి నుంచి ప్రతి పొద్దునా వంటింట్లో కుండ నిండి ఉంటుంది. ఎవరు తెస్తున్నారో కనిపించదు. కోడలు బతికుండగా చేసిన పని చేసినట్టే ఉంటుంది. మామగారు ఆ నీళ్లు పారబోస్తాడు, కుండ పగలగొడతాడు, ఊరొదిలి పోతాడు. వెళ్లిన చోటా కుండ నిండుతుంది. దాహం వేస్తుంది, తాగక తప్పదు. చివరికి తనే ఆ నూతి దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాడు. ఒక్క కేక లేదు సినిమా మొత్తంలో. లక్ష్మివారం ఆట అయ్యాక నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. పగ తీర్చుకోవడం అంటే ఇదీ అనిపించింది. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. తన పని తప్పకుండా చేసింది, ఆ పనే వాణ్ణి చంపింది. ఆ క్షణంలో నాకు మా నాన్నగారి శుక్రవారాలు గుర్తుకురావాల్సింది. రాలేదు. బయటికొస్తుంటే గుమ్మంలో అప్పలస్వామి నా మొహం వంక చూశాడు. "ఈపాలి సెప్తావు కదూ బాబూ" అన్నాడు, ఆశగా. ఆ ఆశ చూశాకే నా మనసు గట్టిపడింది.

శుక్రవారం సుక్రా వచ్చి అడిగాడు. "కుదర్లేదు" అన్నాను.

"అదేటి బాబు, దెయ్యం బయపెట్టనేదా?"

"దెయ్యమే కనిపించదు. కుండ కనిపిస్తుంది."

"కుండేటి?"

"కుండే. రెండున్నర గంటలు కుండ."

చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. అన్నీ నిజం మాటలే పేర్చి అబద్ధం చెప్పడం ఎంత సులువో నాకు ఆ రోజే తెలిసింది. జనం ఎవరి దారిన వాళ్లు మళ్లారు. నేను ఇంటికి వెళ్లి ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది, నా పగ నెగ్గేది. వెళ్లలేకపోయాను. ఆ బొమ్మ మళ్లీ ఈ లోయకి రాదు, అప్పలస్వామి ఆదివారానికల్లా బాక్సు తిప్పి పంపేస్తాడు, దానికి కారణం నేనే. మ్యాట్నీ మొదలై దీపాలు ఆరాక, తల మీద తువ్వాలు కప్పుకుని, జీవితంలో మొదటిసారి నేల టికెట్టు కొన్నాను. మా హాల్లో మా కుటుంబం వాళ్లెవరూ నేల మీద కూర్చోలేదు. ఇసకలో, బీడీ ముక్కల మధ్య కూర్చుని, ఆ కుండ నిండుతుంటే మళ్లీ ఒళ్లు మరిచిపోయాను. ఇంటర్వెల్ గంట వినిపించలేదు. దీపాలు వెలిగాయి. హాలు మొత్తంలో పదిమంది లేరు. నా పక్కనే, భార్యతో, సుక్రా.

"ఓలమ్మ! బాబూ! నువ్వేటి ఇక్కడ?" అని అరిచాడు. గొంతులో కోపం లేదు, వింతే ఉంది. "కుదర్నేదన్నావు గదా! మరెందుకొచ్చినావు?"

"నువ్వెందుకొచ్చావు?" అన్నాను, ఏమనాలో తోచక.

"కుండ సినిమా ఏటో సూద్దామని మాయాడది పట్టుబట్టింది" అన్నాడు. అతని భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను తలెత్తి చూస్తే, ప్రొజెక్టరు గది చిన్న కిటికీలో అప్పలస్వామి మొహం ఉంది.

అతను వెంటనే కిందికి దిగాడు. మైకు పట్టుకుని సంతలోకి పరిగెత్తాడు. ఇంటర్వెల్ అరగంట సాగదీశాడు. హాల్లో కూర్చున్న నాకు రేకుల మీదుగా వినిపిస్తూనే ఉంది. "బాబుగారు రెండుసార్లు సూసిన బొమ్మ! పొద్దున్న కుదర్నేదన్నారు, మద్దేనం నేల టికెట్టు కొనీసినారు! రండి, బేగి రండి, బాబుగారు లోనే ఉన్నారు!" జనం బొమ్మ కోసం వచ్చారో నన్ను చూడ్డానికి వచ్చారో తెలీదు. నేలా బెంచీ కుర్చీ నిండిపోయాయి. లేచి వెళ్లడానికి దారి లేదు. మిగతా సగం వాళ్ల మధ్య కూర్చునే చూశాను.

మా ఇల్లు హాలుకి రెండు వీధుల దూరం. సాయంత్రం నేను వెళ్లేసరికి నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. అమ్మ దీపం పెడుతోంది. ఆయన నా వంక చూడకుండా అడిగారు. "బొమ్మ ఎలా ఉంది?"

నేను తల మీది తువ్వాలు తీసి మడతపెట్టాను.

"పొద్దున్న సంతలో చెప్పినట్టుందా, మధ్యాహ్నం నేల మీద కూర్చుని చూసినట్టుందా?"

"వాడు మన హాలు దొంగిలించాడు నాన్నా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"హాలు వాడు తీసుకున్నాడు. మిగిలింది నువ్విచ్చేశావు" అన్నారు. ఆ మిగిలింది ఏమిటో చెప్పలేదు.

వారం తర్వాత శుక్రవారం ఇస్త్రీ పెట్టె రాజుకుంది. కాళ్లు నిలవని మనిషిని నేనూ బాక్సు మోసే వాళ్లలో ఒకడూ చెరో భుజం పట్టి సంతకి తీసుకెళ్లాం. ఆయన అల్లం బస్తాల పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ చుట్టూ మూగిన జనంలోంచి అప్పలస్వామి పరిగెత్తుకుంటూ వచ్చి, రెండు చేతులతో మైకు అందించాడు. మా అమ్మ కట్టిన రుమాలు దానికి ఇంకా ఉంది. నాన్నగారు మైకు వంక చూశారు, అందుకోలేదు. సొంత గొంతుతో, జ్వరం తర్వాత మిగిలిన ఆ సన్నటి గొంతుతో చెప్పారు. "ఈ బొమ్మ నేను చూడలేదు, మా అబ్బాయి రెండుసార్లు చూశాడు. నడిచి రావొచ్చు. మా అబ్బాయి పోయిన వారం మీకు అబద్ధం చెప్పాడు." అంతే. మళ్లీ ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ బొమ్మ మూడు వారాలు ఆడింది. కొండల మీద నుంచి, జి.మాడుగుల వైపు నుంచి కూడా వచ్చి చూశారు. మా నాన్నగారి నోటి మీదుగా మా శత్రువు హాలు నిండింది. ఆయన ఆ తర్వాత రెండేళ్లు బతికారు. నాతో అన్నీ మాట్లాడారు, సినిమా సంగతి మాత్రం ఎత్తలేదు.

నాకు పడిన శిక్ష అంతటితో ఆగలేదు. లోయలో ఆ మాట నిలిచిపోయింది. పెళ్లిళ్లలో కూర బాగా కుదిరితే, "బాబు కుదర్నేదు!" అని నవ్వుతూ మారు వడ్డించుకుంటారు. ఎవరి ఎద్దులు బలంగా ఉన్నా, ఎవరి కోడలు అందంగా ఉన్నా, అదే మాట. ఎక్కడ పుట్టిందో తెలియని పిల్లలు కూడా అంటారు. నా ఎదురుగా నాలిక కరుచుకునే వాళ్లు కొందరు, కరుచుకోని వాళ్లు ఎక్కువ మంది. నేను సంతకి వెళ్లడం మానేశాను. సినిమాలు మానలేదు. విశాఖపట్నం వెళ్లి చూసేవాణ్ణి, ఎవరూ నన్నడిగేవారు కాదు, నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు.

కాబట్టి పైడితల్లి పిలిస్తే నేనెందుకు వెళ్లానో ఎవరైనా ఊహించొచ్చు. ఆ బొమ్మ బాగా లేకపోతే, ఒక్కసారి, నిజమూ నా పగా ఒకే మాటలో పడతాయి. అప్పలస్వామి కూతురి హాలు ముందు, మా నాన్నగారి మైకులో, నిజాయితీగా కుదర్లేదని చెప్పొచ్చు. లక్ష్మివారం టికెట్టు కొనుక్కునే వెళ్లాను, ఆమె ఇచ్చిన పాసు తీసుకోలేదు. ఇప్పుడు రీళ్ల బాక్సు లేదు, రైలు కోసం ఎదురుచూడ్డం లేదు, బొమ్మ ఆకాశం నుంచి దిగుతుందట. కుర్చీలు మెత్తగా ఉన్నాయి, వీపు ఆనించమని వెనక్కి లాగుతాయి. నేను ఆనించలేదు. ముందుగా రాబోయే దెబ్బలాట బొమ్మ ముక్క ఒకటి వేశారు. సుమోలు గాల్లోకి లేచి పల్టీలు కొట్టాయి, కత్తులు పట్టిన వందమంది ఒకడి చుట్టూ వరసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూశారు. ఆ వందమందిలో ఒక్కడికీ నొప్పి పుట్టలేదు. తర్వాత అసలు బొమ్మ. నల్లటి పొగలోంచి కంప్యూటరు చేసిన దెయ్యం, గోడల మీద పాకుతుంది, నోరు రెండడుగులు తెరుస్తుంది. నిమిషానికోసారి నాలుగు గోడల్లోంచీ చప్పుడు. ఎందుకు పగబట్టిందో చివర ఒక పాటలో చెప్పారు, అది ఆ దెయ్యానికే తెలిసినట్టు లేదు. మా రేకుల హాల్లో వాన మింగేసిన చప్పుళ్లన్నీ దాచిపెట్టి ఇప్పుడు ఒకేసారి వదిలినట్టుంది. నేను ఇంత ఆనందంగా ఏ చెత్త సినిమానీ చూడలేదు.

శుక్రవారం పొద్దున్న మైకు మెడ దగ్గర పాత ముడి విప్పి, ఉతికిన రుమాలు కడుతుంటే పైడితల్లి మాటలో ఏముందో తట్టింది. ఏది సెప్పినా మాకు మంచిదే. నేను బాగుందంటే బాగుందనుకుంటారు. కుదర్లేదంటే, బాబు కుదర్నేదు అని నవ్వుకుంటూ ఇంకా ఎక్కువ మంది వస్తారు. నిజం చెబితే హాలు నిండుతుంది. దాన్ని ఖాళీ చేయాలంటే నేను నోరు విప్పకూడదు. ముడి సగంలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంట్లోనే ఉండిపోదామనుకున్నాను కూడా. కానీ సంతకి జనం దిగుతున్నారు. కొండల మీద నుంచి, ఇప్పుడు కొందరు ఆటోల్లో, ఇంకా చాలామంది నడిచే. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

అల్లం బస్తాల పక్కన ఆమె జీపు నిలబెట్టించింది. మైకు తగిలిస్తూ, "ఇది మాయయ్య మళ్లీ వాడనేదండి. మీ నాన్నగారు అందుకోని ఆ శుక్కురారం నించి పెట్లో ఎట్టీసాడు, ఏరేది కొన్నాడు" అంది. ఆ మాటకి నేను మెత్తబడాలని ఆమె ఉద్దేశం కావచ్చు. మెత్తబడలేదు. మైకు మొదట గరగరమని, తర్వాత పలికింది. "ఈ బొమ్మలో చప్పుళ్లు చాలా ఉన్నాయి. భయం లేదు. దెయ్యానికి ఎవరి మీద పగో దానికే తెలీదు. కుదర్లేదు" అన్నాను.

సంత మొత్తం నవ్వింది. "బాబు కుదర్నేదు! బాబు కుదర్నేదు!" అని ఒకరికొకరు అందించుకుంటూ రైల్వే గేటు వైపు మళ్లారు. తుండుగుడ్డ తలకి చుట్టుకున్న ఒక ముసలివాడు నా ముందు ఆగి, పళ్లు లేని నోటితో నవ్వి, ఏమీ అడక్కుండా వాళ్ల వెనకే వెళ్లాడు. సుక్రా. నేనూ మైకు విప్పుకుని వెనకాలే వెళ్లి హాలు బయట మెట్టు మీద కూర్చున్నాను. తలుపులు మూశాక పైడితల్లి వచ్చింది. "సాలా థాంక్సండీ బాబుగారూ. హౌస్‌ఫుల్!" అంది. వెక్కిరింపు దాచుకోలేదు.

"ఇంటర్వెల్ దాకా ఆగమ్మా" అన్నాను.

గంటకి పైగా ఆ మెట్టు మీద నిటారుగా కూర్చున్నాను. లోపల చప్పుళ్లకి మెట్టు అదిరింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం టీలకి, బీడీలకి వచ్చారు, ఎవరూ నవ్వడం లేదు. మళ్లీ గంట కొట్టారు. కొందరు లోపలికి వెళ్లారు. చాలామంది వెళ్లలేదు. ఖాళీ సంచులు దులుపుకుని, గొడుగులు చంకన పెట్టుకుని కొండదారి పట్టారు. పైడితల్లి గుమ్మంలో నిలబడి వాళ్లని చూస్తోంది. సుక్రా చెవులు రుద్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "నిజంగానే కుదర్నేదు బాబు" అన్నాడు. "ఈపాలి నువ్వు సెప్పిందే నిజం." ముందు నడుస్తున్న తన మనవణ్ణి కేకేసి తిట్టాడు. "బాబు సెప్పినాడు గదరా, కుదర్నేదని! ఇంటేనా మీరు?"

ఇన్నేళ్లలో ఆ మాట నవ్వు లేకుండా వినడం అదే మొదటిసారి. దాన్ని వినాల్సిన వాళ్లు ఇద్దరున్నారు. మా నాన్నగారు వినలేదు. అప్పలస్వామీ వినలేదు. ఇద్దరిలో ఎవరు విననందుకు నాకు ఎక్కువ బాధో, ఆ మెట్టు మీంచి లేచి మైకు చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.